అంబేద్కర్ చదువుకు డబ్బు ఎవరు కట్టారు?

శంషాబాద్ విమానాశ్రయం బయట ఆగస్టులోనూ, డిసెంబరు చివర్లోనూ జాతర లాగా ఉంటుంది. చదువుకు విదేశం పోయే పిల్ల ఒక్కరైతే సాగనంపడానికి వచ్చేవాళ్లు పదిమంది. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి తుఫాన్ బండ్లలో రాత్రికి రాత్రి వస్తారు. బరువు ఎక్కువైందంటే అక్కడే సూట్‌కేసు విప్పి పచ్చళ్ల డబ్బాలు తీసి మళ్లీ సర్దుతారు. పోయిన డిసెంబరులో మా వాడకట్టు నుంచి ఒక చెల్లెను పంపడానికి నేనూ వెళ్లాను. బ్యాంకు అప్పు, మేనమామ దగ్గర చేబదులు, తల్లి పుస్తెలతాడు కుదువ, అన్నీ కలిస్తే ఆ ప్రయాణం కుదిరింది.

చెల్లె లోపలికి పోయాక వాళ్ల నాన్న నన్ను ఒక మాట అడిగారు. నాకు వరసకు చిన్నాయన. తన బిడ్డ కంప్యూటర్ చదువు చదువుతుంది, ఉద్యోగం వస్తుంది, అప్పు తీరుతుంది. అది ఆయనకు అర్థమవుతోంది. మరి నేను ఇన్నేళ్లుగా కూలి రేట్లలో కులం తేడాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను కదా, దానికి పైసలు ఎవరిస్తారు, ఎందుకిస్తారు? ఫెలోషిప్ వస్తుందని చెప్పాను. సర్కారు తప్పులు లెక్కగట్టడానికి సర్కారే పైసలిస్తుందా అని మళ్లీ అడిగారు. సరైన జవాబు నా దగ్గర లేకపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు పుష్పక్ బస్సులో కూర్చుని ఆ ప్రశ్నను అంబేద్కర్‌కు వేసి చూశాను. బాబాసాహెబ్ చదువు గురించి మనం చాలా చెప్పుకుంటాం. ఎన్ని డిగ్రీలు, ఎన్ని పుస్తకాలు, రోజుకు ఎన్ని గంటలు. ఆ చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ షరతు మీద వచ్చింది, ఎప్పుడు ఆగిపోయింది అన్నది తక్కువగా చెప్పుకుంటాం. అసమానత మీద పరిశోధన చేయాలనుకునే ప్రతి దళిత విద్యార్థికీ ఆ లెక్క తెలియాలి. అందుకే ఆయన జీవితాన్ని ఈసారి ఆ లెక్క వైపు నుంచి చెబుతున్నాను.

అక్కల నగలు, రాజుగారి పాతిక రూపాయలు

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంట్‌లో పుట్టారు. ఆ ఇంట్లో పద్నాలుగో సంతానం. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో పాఠాలు చెప్పినవాడు. మహర్ కుటుంబం. సైన్యం ఆ ఇంటికి అక్షరం ఇచ్చింది. బడి మాత్రం ఆ పిల్లాణ్ణి విడిగా గోనె పట్టా మీద కూర్చోబెట్టింది.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో మిల్లు కార్మికులు ఉండే చాల్‌లో ఒక్క గదిలో కాపురం. కొడుకు పుస్తకం అడిగితే తండ్రి దగ్గర డబ్బు ఉండేది కాదు. పెళ్లయి అత్తగారిళ్లలో ఉన్న కూతుళ్ల దగ్గరికి పోయి నగ అడిగి తెచ్చి, వడ్డీ వ్యాపారి దగ్గర కుదువబెట్టి, ఆ డబ్బుతో పుస్తకం కొనేవాడు. పింఛను వచ్చాక విడిపించి మళ్లీ కూతురికి ఇచ్చేవాడు. ఆ చదువులో మొదట పెట్టుబడి పెట్టింది ఆ అక్కలు. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయ రికార్డులోనూ ఆ పద్దు ఉండదు.

1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసయ్యారు. ఆ సందర్భంగా జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆయనకు బహూకరించాడు. ఇంటర్ తర్వాత రామ్‌జీ చేతిలో డబ్బు పూర్తిగా అయిపోయింది. చదువు ఆగిపోయే స్థితి. అప్పుడు కేలూస్కరే బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ దగ్గరికి తీసుకువెళ్లాడు. మహారాజు నెలకు 25 రూపాయల ఉపకార వేతనం మంజూరు చేశాడు. దానితో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ పూర్తయింది. ఆర్థికశాస్త్రం, రాజనీతి శాస్త్రం ఆయన విషయాలు.

శాయాజీరావ్ తన సంస్థానంలో 1906 నాటికే నిర్బంధ ప్రాథమిక విద్య అమలు చేసిన పాలకుడు. మంచి పాలకుడే. అయినా ఇది హక్కు కాదు, దయ. కేలూస్కర్ అనే మనిషి ఆ రోజు లేకపోతే, మహారాజు ఆ రోజు మరో మూడ్‌లో ఉంటే, మన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి మరొకరు అధ్యక్షుడై ఉండేవారు.

పదేళ్ల బాండు

బీఏ తర్వాత 1913 జనవరిలో అంబేద్కర్ బరోడా కొలువులో చేరారు. కొద్ది రోజులకే తండ్రి జబ్బు పడ్డాడని తంతి. ఫిబ్రవరి 2న రామ్‌జీ కన్నుమూశాడు. ఆ ఏడాదే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి కొందరు విద్యార్థులను పంపాలని బరోడా మహారాజు నిర్ణయించారు. 1913 జూన్‌లో అంబేద్కర్ ఒప్పంద పత్రం మీద సంతకం చేశారు. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇస్తారు. బదులుగా చదువు ముగిశాక పదేళ్లు బరోడా సంస్థానానికి ఉద్యోగం చేయాలి.

జూలైలో న్యూయార్క్ చేరేనాటికి ఆయన వయసు 22. వచ్చే డబ్బులో కొంత ఇంటికి పంపాలి. బొంబాయిలో భార్య రమాబాయి, చిన్న పిల్లలు, అన్న కుటుంబం. మిగిలిన దానిలో తిండి తగ్గించి పుస్తకాలు కొన్నారు. పాత పుస్తకాల దుకాణాల్లో ఏరుకుని దాదాపు రెండు వేల పుస్తకాలు పోగేశారని జీవిత చరిత్రకారులు రాశారు.

ఆ డబ్బుతో ఆయన ఏం చదివారో చూడాలి. 1915లో ఎంఏ కోసం ఈస్టిండియా కంపెనీ పాలన, దాని ఆర్థిక వ్యవహారాల మీద రాశారు. 1916లో భారత జాతీయాదాయం మీద పీహెచ్‌డీ పరిశోధన సమర్పించారు. ఆర్థికవేత్త ఎడ్విన్ సెలిగ్మన్ ఆయన గురువు. తత్వవేత్త జాన్ డ్యూయీ తరగతులు ఆయన మీద జీవితాంతం ముద్ర వేశాయి.

వీటి మధ్యలో, 1916 మే 9న, మానవశాస్త్ర ఆచార్యుడు గోల్డెన్‌వైజర్ నిర్వహించే సెమినార్‌లో భారతదేశంలో కులాల మీద ఒక పత్రం చదివారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. కులానికి మూలం వృత్తి కాదు, రంగు కాదు, తమలో తామే పెళ్లి చేసుకోవాలనే కట్టుబాటు అని అందులో వాదించారు. ఆ కట్టుబాటు నిలవడానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం పుట్టుకొచ్చాయని చూపించారు. కులాన్ని కాపాడే కాపలా స్త్రీ శరీరం మీద పెట్టారన్న మాట నూరేళ్ల కిందటే చెప్పిన పరిశోధన అది. మరుసటి ఏడాది ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చయింది.

ఆయనను పంపింది ఒక సంస్థానం, తన కొలువుకు పనికొచ్చే చదువు కోసం. కుల నిర్మూలనకు సిద్ధాంతం తయారు చేసి రమ్మని ఏ మహారాజూ పంపలేదు. ఆ సిద్ధాంతం అదే డబ్బుతో, అదే మూడేళ్లలో, అడ్డుచెప్పేవాళ్లు లేనిచోట తయారైంది. విషయం ఎంచుకునే స్వేచ్ఛ ఉండటం వల్లనే అది సాధ్యమైంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం వస్తుంది.

గడువు అయిపోయింది

1916లో అంబేద్కర్ న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఏడాది గడిచింది. ఉపకార వేతనం గడువు ముగిసింది, తిరిగి రమ్మని బరోడా దివాను నుంచి పిలుపు వచ్చింది. పని సగంలో ఉంది. నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి పూర్తి చేసుకోవచ్చని ఆచార్యుడు ఎడ్విన్ కానన్ విశ్వవిద్యాలయం నుంచి అనుమతి ఇప్పించాడు. 1917 ఆగస్టులో అంబేద్కర్ బొంబాయి చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆయన పుస్తకాలు వేరే ఓడలో వస్తున్నాయి. ఆ ఓడను జలాంతర్గామి ముంచేసింది. తిండి మాని కొన్న పుస్తకాలు సముద్రంలో కలిశాయి. వాటికి దక్కిన నష్టపరిహారం డబ్బే బరోడా ప్రయాణానికి ఖర్చయింది.

బరోడాలో ఆయనను మహారాజు సైనిక కార్యదర్శిగా నియమించారు. కొలంబియాలో చదివి వచ్చిన ఆ అధికారికి ఆఫీసులో బంట్రోతు దూరం నుంచి ఫైళ్లు విసిరేవాడు. మంచినీళ్లు దొరికేవి కావు. ఊళ్లో అద్దెకు ఇల్లు లేదు. గతిలేక ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని చేరారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి ఆ సాయంత్రంలోగా ఖాళీ చేయాలని బెదిరించింది. స్నేహితులు కూడా ఇంట్లో పెట్టుకోలేకపోయారు. ఒక తోటలో చెట్టు కింద కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు.

పదేళ్ల కొలువు బాండు రెండు వారాలు కూడా నిలవలేదు. డబ్బిచ్చిన రాజ్యం తన వాటా నెరవేర్చిందా? చదువుకు డబ్బు ఇచ్చింది. ఆ చదువుతో బతకడానికి ఒక గది ఇప్పించలేకపోయింది. స్కాలర్‌షిప్ ఒక్కటే మనిషిని కులం నుంచి బయటికి తీయదని ఆయనకు బరోడా నేర్పింది. హాస్టల్ గది, మెస్‌లో కంచం, గైడు మర్యాద, ఇవి లేని ఫెలోషిప్ సగం ఫెలోషిప్పేనని మన క్యాంపసుల్లో చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

రెండోసారి సొంత డబ్బుతో

తర్వాతి మూడేళ్లు డబ్బు కూడబెట్టడానికే పోయాయి. ట్యూషన్లు చెప్పారు. వాటాల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. సలహాదారు అంటరానివాడని తెలియగానే గిరాకీ ఆగిపోయింది. ఆ ఇబ్బందుల్లోనే 1918లో భారతదేశంలో చిన్న కమతాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. అసలు సమస్య కమతం చిన్నదవడం కాదని, పెట్టుబడి లేకపోవడం, భూమి మీద పని దొరకని జనం ఎక్కువవడం అని అందులో వాదించారు. ఆ మిగులు శ్రమకు పరిశ్రమలో పని చూపడమే దారి అన్నారు. ఈ వ్యాసాన్ని శంషాబాద్ చుట్టుపక్కల కూర్చుని చదివితే మరోలా అనిపిస్తుంది. అక్కడ విమానాశ్రయం కోసం దాదాపు 5,500 ఎకరాలు పోయాయి. 2008 మార్చి నుంచి విమానాలు ఎగురుతున్నాయి. భూమి నుంచి బయటికొచ్చిన మనిషికి ఏ పని దొరికింది, ఎంత కూలికి దొరికింది అన్న ప్రశ్న అంబేద్కర్ 1918లో వేసిందే.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడి ఉద్యోగం దొరికింది. జీతం 450 రూపాయలు. ఆ జీతంలోంచి రమాబాయి ఇల్లు నడిపిన తీరే ఆ తర్వాతి పరిశోధనకు పునాది. ఎంత పొదుపు చేస్తే అంత త్వరగా లండన్ వెళ్లవచ్చు. ఇంట్లో పసిపిల్లలు జబ్బు పడుతున్నారు. ఆ దంపతులకు ఐదుగురు పిల్లలు పుడితే బతికి పెరిగింది యశ్వంత్ ఒక్కడే. రమాబాయి 1935లో చనిపోయారు. 1941లో వచ్చిన పాకిస్తాన్ మీది పుస్తకాన్ని అంబేద్కర్ ఆమెకు అంకితమిచ్చారు. మనం పరిశోధన గ్రంథాల్లో ముందు పేజీలో గైడుకు, సంస్థకు కృతజ్ఞతలు రాస్తాం. ఆ పేజీలో రమాబాయి లాంటివాళ్ల పేరు మొదట ఉండాలి.

ఈ కాలంలోనే కొల్హాపూర్ మహారాజు ఛత్రపతి శాహూ తోడయ్యారు. 1902లోనే తన సంస్థానంలో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో సగం వాటా కేటాయించిన మనిషి ఆయన. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలవడానికి 2,500 రూపాయలు ఇచ్చారు. లండన్ ప్రయాణానికీ కొంత సాయం చేశారు. కొలంబియాలో గదిని పంచుకున్న పార్సీ మిత్రుడు నవల్ భథేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చాడు. మిగిలింది సొంత పొదుపు. ఇలా అందరి డబ్బూ కలిపి 1920 జూలైలో అంబేద్కర్ మళ్లీ ఓడెక్కారు.

లండన్‌లో రోజంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో గడిపేవారు. మధ్యాహ్న భోజనానికి డబ్బు పెట్టడం దండగనుకున్నారు. 1921లో ఎమ్మెస్సీ వచ్చింది. 1922 అక్టోబరులో రూపాయి సమస్య మీద డీఎస్సీ గ్రంథం సమర్పించారు. బ్రిటిష్ ప్రభుత్వ ద్రవ్య విధానం మీద అందులో గట్టి విమర్శ ఉంది. పరీక్షకులకు అది రుచించలేదు. తిరగరాయమన్నారు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయింది. 1923 ఏప్రిల్‌లో బొంబాయి తిరిగొచ్చి, ఇక్కడి నుంచే సవరించి పంపారు. తన ముగింపులు మార్చుకోలేదు. అదే ఏడాది చివర్లో డిగ్రీ వచ్చింది, పుస్తకమూ అచ్చయింది. రెండేళ్ల తర్వాత భారత ద్రవ్య వ్యవస్థను పరిశీలించడానికి వచ్చిన రాయల్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం చెప్పారు.

కొలంబియా పీహెచ్‌డీ కథ ఇంకా పెద్దది. పరిశోధన 1916లోనే సమర్పించారు. అచ్చయిన ప్రతులు అందిస్తేగానీ పట్టా చేతికి రాదు. ఆ పరిశోధన విస్తరించి బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద పుస్తకంగా 1925లో వెలువడింది. లాంఛనంగా డాక్టరేటు 1927లో వచ్చింది. పదకొండేళ్లు. ఆ పుస్తకాన్ని శాయాజీరావ్ గైక్వాడ్‌కు అంకితమిచ్చారు. తన చదువుకు చేసిన సాయాన్ని మరవలేదు. సాయం చేసినంత మాత్రాన సంస్థానాల రాచరికాన్ని విమర్శించడమూ మానలేదు.

ఖర్చు మీది, మాట మాది అన్నప్పుడు

డబ్బిచ్చేవాళ్లు మాట మార్చమంటే ఏం చేయాలో ఆయన 1936లో చూపించారు. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచింది. ఆయన ప్రసంగం రాసి ముందుగా పంపారు. నిర్వాహకులు కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఒక్క అక్షరం కూడా తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దయింది. అంబేద్కర్ తన ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. అదే కుల నిర్మూలన. వేదిక వాళ్లది, అచ్చు ఖర్చు తనది. ఈ రోజు ఆ మండల్ పేరు ఆ పుస్తకం వల్లనే గుర్తుంది.

దయ నుంచి హక్కుకు

అంబేద్కర్ ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక ప్రతిభావంతుడి విజయగాథగా మిగిలేది. ఆయన తాను ఎక్కిన నిచ్చెనను ప్రజల ఆస్తి చేయాలనుకున్నారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, 1925లో షోలాపూర్‌లో అంటరాని విద్యార్థుల హాస్టల్ తెరిపించారు. బరోడా చెట్టు కింద కూర్చున్న మనిషి మొదట హాస్టల్ గురించి ఆలోచించడంలో ఆశ్చర్యం లేదు.

1942లో వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆ అక్టోబరులోనే షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద వైస్రాయ్‌కు వినతి పత్రం ఇచ్చారు. ముస్లిం, హిందూ విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వ నిధులు వెళ్తున్నాయని, షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ఏమీ లేదని లెక్క చూపించారు. దేశంలో చదువుకూ, విదేశీ చదువుకూ ఉపకార వేతనాలు అడిగారు. ప్రభుత్వం ఏడాదికి 3 లక్షల రూపాయలు కేటాయించింది. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మూలం అక్కడుంది. మనలో చాలామంది డిగ్రీ ఫీజు కట్టింది దానితోనే. తర్వాత రాజ్యాంగంలో 46వ అధికరణం బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడమని రాజ్యాన్ని ఆదేశించింది. కేలూస్కర్ చేయిపట్టుకుని తీసుకెళ్తేనే దొరికిన సాయం దరఖాస్తు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ దొరకాలన్నది ఆ పోరాటం.

ఈ కథలో మన హైదరాబాద్‌కూ చోటుంది. 1944 సెప్టెంబరులో ఆయన ఇక్కడికి వచ్చి సభలో మాట్లాడారు. అప్పటికే భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ పాఠశాలలు నడిపి, 1939లో కన్నుమూశారు. ఆ తర్వాతి తరంలో బీఎస్ వెంకట్రావు పట్టుబట్టి అణగారిన వర్గాల విద్య కోసం నిజాం ప్రభుత్వం చేత కోటి రూపాయల నిధి పెట్టించారు. 1945లో అంబేద్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలైంది. 1950లో ఔరంగాబాద్‌లో ఆ సొసైటీ తెరిచిన కాలేజీ తర్వాత మిలింద్ కాలేజీగా పేరుపొందింది. అప్పుడు ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. 1952లో కొలంబియా, 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1956 డిసెంబరు 6న ఆయన పరినిర్వాణం పొందారు. కుదువబెట్టిన నగలతో పుస్తకాలు కొన్న పిల్లాడు అప్పటికి కాలేజీలు కట్టాడు.

ఇప్పుడు మన లెక్క

ఆయన వేసిన దారిలోనే 1954లో విదేశీ విద్య కోసం జాతీయ ఉపకార వేతనం మొదలైంది. ఇప్పుడు ఏడాదికి 125 మందికి ఇస్తున్నారు. మన రాష్ట్రంలో అంబేద్కర్ పేరుతోనే ఉన్న ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల రూపాయల వరకు సాయం చేస్తోంది. శంషాబాద్ నుంచి ఎగిరే మన పిల్లల్లో కొందరి టికెట్ వెనుక ఈ డబ్బు ఉంది. ఇవి చిన్న విజయాలు కావు.

2022లో కేంద్రం ఆ జాతీయ ఉపకార వేతనం మార్గదర్శకాలు మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు అంశంగా చేసే పరిశోధనకు ఈ డబ్బు వర్తించదని చేర్చింది. ఇంజనీరింగ్ చదవవచ్చు, మేనేజ్‌మెంట్ చదవవచ్చు. కులం మీద పరిశోధన చేయడానికి కొలంబియాలో సీటు వస్తే మాత్రం ఆ సొమ్ము రాదు. ఈ అంశాలకు ఇక్కడి వనరులే చాలునని అప్పట్లో వినిపించిన సమర్థన.

ఇప్పుడు 1913 వైపు మళ్లీ చూడండి. ఈస్టిండియా కంపెనీ చరిత్ర, జాతీయాదాయం, కులాల పుట్టుక. అంబేద్కర్ కొలంబియాలో చేసిన పనిలో ఈ నిబంధన కింద నిలిచేది ఎంత? కులం మీద ఆయన చదివిన పత్రం మొదటి వడపోతలోనే పోతుంది. బరోడా మహారాజు పెట్టని షరతును ప్రజాస్వామ్య ప్రభుత్వం పెట్టింది. అదీ దళిత విద్యార్థుల కోసం ఉద్దేశించిన పథకంలో.

దేశం లోపలి ఫెలోషిప్ సంగతి మనకు తెలియనిది కాదు. షెడ్యూల్డ్ కులాల పరిశోధకుల కోసం పెట్టిన జాతీయ ఫెలోషిప్‌కు చాలాకాలం ఉన్న పేరు రాజీవ్ గాంధీది. శంషాబాద్ విమానాశ్రయానికీ అదే పేరు. ఆ విమానాశ్రయం నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వచ్చే గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని విడిచి వెళ్లాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు రావాల్సి ఉందని, అది తన కుటుంబానికి అందేలా చూడాలని తన చివరి లేఖలో కోరాడు. పరిశోధకుడికి ఫెలోషిప్ అంటే బోనస్ కాదు. అది అతని తిండి, ఇంటికి పంపే మనియార్డర్, తలెత్తుకు నిలబడే బలం. నెలనెలా రాకపోతే ఏమవుతుందో 1917లో అంబేద్కర్ చదువు మధ్యలో ఆగినప్పుడూ తెలిసింది, నూరేళ్ల తర్వాతా తెలిసింది.

అందుకే అంబేద్కర్ జీవితం నుంచి నేను మూడు లెక్కలు తీసుకున్నాను. ఒకటి, ఎవరి డబ్బు తీసుకున్నా దాచలేదు, కృతజ్ఞత చెప్పారు, ముగింపులు మాత్రం తాకట్టు పెట్టలేదు. రెండు, ఒక్కచోటి డబ్బు మీద ఆధారపడలేదు. రాజు, స్నేహితుడు, జీతం, ఇంటి పొదుపు, అన్నీ కలిపారు. ఒక దారి మూసుకుంటే పని ఆగలేదు. మూడు, తనకు దొరికింది తన తర్వాతివాళ్లకు హక్కుగా దొరికేదాకా ఊరుకోలేదు. మొదటి రెండూ ఒక విద్యార్థి చేయగలిగినవి. మూడోది ఒక్కరితో కాదు. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కలిసి చేయాల్సిన పని. ఫెలోషిప్ ప్రతి నెలా రావాలని, ఏ అంశం మీద పరిశోధించాలో పరిశోధకులే నిర్ణయించుకోవాలని, అంశాల మీద పెట్టిన నిషేధం పోవాలని అడగడం ఆ పనిలో భాగం. స్థిరపడిన మనవాళ్లు మన క్యాంపసుల్లో కులం మీద పనిచేసే ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క ఏడాది తోడు నిలవడం కూడా ఆ పనే. నవల్ భథేనా చేసింది అంతకన్నా పెద్ద పని ఏమీ కాదు.

చిన్నాయనకు పోయిన వారం ఫోన్ చేశాను. సర్కారు తప్పులు రాయడానికి సర్కారు డబ్బు ఎందుకిస్తుందని అడిగారు కదా, ఆ డబ్బు సర్కారుది కాదని, ఆయన కొనే సిమెంటు బస్తా మీద, అగ్గిపెట్టె మీద కట్టిన పన్నుదని చెప్పాను. కూలి ఎందుకు తక్కువొస్తోందో లెక్క తీయమని ఆయనే నాకు జీతమిస్తున్నట్టు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అయితే ఆ లెక్క సరిగ్గా తీసి తనకు కూడా అర్థమయ్యేట్టు రాయమని అన్నారు. నా పరిశోధనకు ఇప్పటిదాకా ఎవరూ పెట్టని షరతు అది. ఒప్పుకున్నాను.

జై భీమ్.